నేను రాసిన గైడ్ పేజీల రూపం మార్చేస్తున్నారు, వదిలేయాలా? పోరాడాలా?

పేరు బయటపెట్టవద్దంటూ ఒకరు చాలా పెద్ద ఉత్తరం రాశారు. కుదించి చెబితే సంగతి ఇది.

ఒక పెద్ద రోల్ ప్లేయింగ్ గేమ్‌కి అభిమానులే కలిసి నడుపుకునే గైడ్ వికీ ఉంది. ఎవరైనా చేరవచ్చు, ఎవరైనా రాయవచ్చు, ఎవరికీ పైసా రాదు. గేమ్ విడుదలైన తొలి రోజుల నుంచీ వీరు అందులో రాస్తున్నారు. ప్రధాన కథకు సంబంధించిన వాక్‌త్రూ పేజీల్లో సగానికి పైగా వీరి చేతి మీదుగా వచ్చినవే. అధ్యాయానికొక పొడవైన పేజీ. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ తలుపు తీయాలి, ఏ పెట్టెలో ఏముంది, చివర్లో బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని, ఎలా పడగొట్టాలి, అన్నీ ఆడే వరసలోనే ఉంటాయి.

కొన్ని నెలల క్రితం ఒక కొత్త సభ్యుడు చేరారు. పొడవైన పేజీలను క్వెస్ట్‌ల (గేమ్ అప్పగించే పనుల) వారీగా చిన్న పేజీలుగా విడగొట్టాలని, ప్రతి పేజీ నెత్తిన ఒక సమాచారపెట్టె పెట్టాలని, వివరాలన్నీ నొక్కితే తెరుచుకునే మడతల్లో ఉంచాలని ప్రతిపాదించారు. తన ప్రయోగశాల పేజీలో నమూనా కూడా చేసి చూపించారు. చర్చా పేజీలో ముగ్గురు బాగుందన్నారు, ఇద్దరు వద్దన్నారు, మిగతావాళ్లు పలకలేదు. చర్చ ఇంకా నడుస్తుండగానే ఆయన ఐదో అధ్యాయం పేజీని కొత్త రూపంలోకి మార్చేశారు. మన ఉత్తరం రచయిత వెంటనే పాత రూపానికి తిప్పేసి, మార్పు పక్కన రాసే సారాంశంలో ‘పనికిరాని లేఅవుట్ తీసేశాను’ అని రాశారు. ఆయన మళ్లీ పెట్టారు. వీరు మళ్లీ తీశారు. ఆయన ఇంకోసారి పెట్టాక సాయంత్రానికి నిర్వాహకుడొకరు వచ్చి పేజీకి తాళం వేశారు, అదీ కొత్త రూపం మీద. ‘ఈ పేజీలేమైనా మీ సొంతమా?’ అన్న మాట కూడా వచ్చింది. ఇన్నేళ్లుగా మ్యాపులు గీసిన స్నేహితుడు ఇక గీయనని చెప్పి వెళ్లిపోయారు.

వీరి ప్రశ్నలు: ‘వదిలేయాలా? పోరాడాలా? నా పేజీలన్నీ తీసుకుని వేరే వికీ పెట్టుకోవాలా? అసలు ఒక పేజీ ఎలా కనిపించాలన్న దాని మీద నాకింత కోపం ఎందుకొస్తోంది?’

సమాధానం

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి జవాబు దొరక్కుండా మిగతావి తేలవు.

కోపం రావడంలో వింతేమీ లేదు. ఏళ్ల తరబడి రాసుకొచ్చిన పేజీని ఎవరో ఒక పూటలో ముక్కలు చేసి, పెట్టెల్లో సర్ది, ‘ఇప్పుడు బాగుంది’ అంటే ఒళ్లు మండుతుంది. మీ వాక్యాలు దాదాపు అన్నీ అలాగే ఉన్నాయని మీరే ఒప్పుకున్నారు. పోయింది వాటి వరస. గైడ్ రాసేవాళ్లకు ఆ వరసలోనే పనంతా ఉంటుంది. ఏ సంగతి ముందు చెప్పాలి, ఏది కోట తలుపు తెరిచేదాకా దాచాలి, ఎక్కడ ‘ఇక్కడ ఒకసారి సేవ్ చేసుకోండి’ అని హెచ్చరించాలి అని మీరు తీసుకున్న నిర్ణయాలు ఆ పొడవైన పేజీలో ఎవరికీ కనబడకుండా ఉండిపోయాయి. వాటిని చూడకుండానే కదిపేశారన్నది మీ బాధ. అది న్యాయమైన బాధే.

చిక్కేమిటంటే, చర్చా పేజీలో మీరు ఈ మాట అననే లేదు. మీరు ఉత్తరంలో అతికించిన వ్యాఖ్యల్లో ‘పెట్టెలు చూడ్డానికి బాగాలేవు’ అని ఉంది. ఆయన ‘పొడవు పేజీలు పాతకాలం నాటివి’ అన్నారు. రెండూ అభిరుచికి సంబంధించిన మాటలు. అభిరుచి మీద ఎన్నాళ్లయినా వాదించుకోవచ్చు, ఎవరూ గెలవరు, చూసేవాళ్లకు విసుగు మాత్రం పుడుతుంది. ఆ పలకని సభ్యులంతా అందుకే పలకలేదేమో.

మీ ఐదో అధ్యాయం పేజీకి వచ్చేవాళ్లను కాసేపు ఊహించుకోండి. ఒకతను గేమ్ మొదటిసారి ఆడుతున్నాడు. పేజీని పక్కన తెరిచి పెట్టుకుని, ఒక పేరా చదివి, ఒక గది దాటి, మళ్లీ ఒక పేరా చదువుతూ వెళతాడు. ముందు ఏం రాబోతోందో తెలియడం అతనికి ఇష్టం లేదు. ఇంకొకతను బాస్ చేతిలో వరసగా చచ్చి చచ్చి చిరాకులో ఉన్నాడు. కంట్రోలర్ ఒళ్లో ఉంది, ఫోన్ ఒక చేతిలో ఉంది, అతనికి కావలసింది ఒక్క ముక్క: వీడికి నిప్పు పనిచేస్తుందా, మెరుపు పనిచేస్తుందా? ఆ ముక్క మీ పాత పేజీలో నాలుగో పేరా మధ్యలో ఉందని మీరే రాశారు. దానికి ముందు కోటకు వెళ్లే దారి, పెద్ద మ్యాపు, దారిలో దొరికే పెట్టెల ఏడు నిలువు వరసల పట్టిక ఉన్నాయి. ఫోన్‌లో ఆ పేజీ తెరిచి బలహీనత దాకా వేలితో తోసుకుంటూ వెళ్లి చూడండి. ఆ పట్టిక తెర దాటి పక్కకు పొంగిపోతుంది, దాన్ని అడ్డంగా లాగబోతే పేజీ నిలువుగా కదులుతుంది. కొత్త పేజీలో బలహీనత మొదటి తెరలోనే ఉంటుంది. అదే తెరలో బాస్ పేరు, బొమ్మ, ఓడిస్తే దొరికే ఆయుధం కూడా ఉంటాయి. మొదటివాడికి దక్కాల్సిన ఆశ్చర్యం అక్కడే ఆవిరి.

మీరు మొదటివాడి కోసం రాశారు. ఆయన రెండోవాడి కోసం కట్టారు. ఇద్దరూ మీ వికీ పాఠకులే. మీ గొడవకు నాకు కనిపించే మూలం ఇదే. లేఅవుట్ పేరు మీద మీరిద్దరూ కొట్టుకుంటున్నది పాఠకుడెవరు అన్న ప్రశ్న మీద, ఆ ప్రశ్న మాత్రం ఎవరూ పైకి అడగలేదు.

మీరు సాదా టెక్స్ట్ గైడ్లు చదివి పెరిగానని రాశారు. అయితే ఇది మీకు బాగానే తెలిసుండాలి. 1995లో మొదలైన గేమ్‌ఫ్యాక్స్ అనే సైట్‌లో పేరుకున్న ఆ గైడ్లకు బొమ్మల్లేవు, రంగుల్లేవు, వరసకు దాదాపు 80 అక్షరాలు మించకుండా కొట్టిన అక్షరాలు తప్ప ఇంకేమీ లేవు. అయినా చాలామంది రచయితలు విషయసూచికలో ప్రతి విభాగం పక్కన ఒక చిన్న కోడ్ పెట్టేవాళ్లు. కంట్రోల్, ఎఫ్ నొక్కి ఆ కోడ్ కొడితే నేరుగా ఆ చోటికి దూకవచ్చు. వరసగా చదివేవాడికి వరస ఉంది, ఒక్క ముక్క కోసం వచ్చినవాడికి అడ్డదారీ ఉంది. ఆ ఇద్దరినీ ఒకే ఫైల్లో కూర్చోబెట్టడానికి వాళ్లు పడ్డ తంటా అది. మీ పొడవు పేజీల్లో అలాంటి అడ్డదారి ఏదీ ఉన్నట్టు మీ ఉత్తరంలో నాకు కనబడలేదు.

ఇక మీ వైపు ఉన్న గట్టి వాదన సంగతి. దాన్ని మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు, చర్చా పేజీలోనైతే అసలు చెప్పలేదు. నొక్కితే తెరుచుకునే మడతల్లో పెట్టిన వాక్యాలు కొన్ని బ్రౌజర్లలో వెతుకులాటకు దొరకవు. వాటికి మూసి ఉన్న భాగం తెర మీద లేనట్టే లెక్క. ‘తాళంచెవి’ అని పేజీలో వెతికితే, ఆ మాట మడతలో ఉంటే, ఫలితం సున్నా రావచ్చు. పాఠకుడు ఆ తాళంచెవి సంగతి ఇక్కడ రాయలేదనుకుని ఇంకో సైట్‌కి పోతాడు. ఒక్క ముక్క కోసం వచ్చేవాడి సౌకర్యానికని తెచ్చిన మార్పు అతన్నే దెబ్బతీస్తుంది. ఈ మాట ‘చూడ్డానికి బాగాలేదు’ లాంటిది కాదు. ఎవరైనా ఆయన నమూనా పేజీ తెరిచి క్షణంలో సరిచూసుకోవచ్చు. ఆయనా ఒప్పుకోక తప్పదు.

రెండోది, విభాగాల పేర్లు. వికీ పేజీలో ఒక విభాగానికి నేరుగా ఇచ్చిన లింకు ఆ శీర్షిక పేరు మీదే ఆధారపడుతుంది. శీర్షిక మార్చినా, విభాగాన్ని వేరే పేజీకి తరలించినా లింకు పేజీ పైభాగంలో దింపేసి ఊరుకుంటుంది. వికీ లోపలి లింకుల్ని ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ చూసి సరిచేసుకోవచ్చు. బయట ఎవరో వీడియో కింద పెట్టిన లింకులు ఆ జాబితాలో రావు. అందుకని పేజీలు విడగొట్టేటప్పుడు పాత శీర్షికల పేర్లతో లంగర్లు (పాత లింకు వచ్చి ఆగే గుర్తులు), పాత పేజీల నుంచి కొత్తవాటికి పంపే దారిమార్పులు ఉంచాలని షరతు పెట్టడం మీ హక్కు. చాదస్తం అంటారేమో, అననివ్వండి.

ఆయన వైపు కూడా ఒక గట్టి వాదన ఉంది. గేమ్‌కి ప్యాచ్ (తయారీదారులు పంపే సవరణ) వచ్చినప్పుడల్లా అంకెలు మారవచ్చు. మీ పేజీలో బాస్ ప్రాణం ఎంతో ఒక పేరాలో, అతని దెబ్బ ఎంతో ఇంకో పేరాలో, మళ్లీ చిట్కాల్లో ఒకసారి ఉంటాయి. ఎవరో ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతారు. అంకెలన్నీ ఒక టెంప్లేట్‌లో, అంటే పేజీల్లోకి తెచ్చి వాడుకునే ఒకే అచ్చులో, ఉంటే మార్చాల్సిన చోటు ఒక్కటే. మీరు రాయడం మానేసిన రోజు కూడా ఆ పేజీ బతకాలంటే ఇది అవసరం. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షం.

ఇప్పుడు ఆ తిప్పుడు వ్యవహారం. ముందుగా మార్చిందీ ఆయనే, ఒకసారి తిప్పేశాక చర్చకు రాకుండా మళ్లీ పెట్టిందీ ఆయనే. ‘ధైర్యంగా మార్చు, ఎవరైనా వెనక్కి తిప్పితే ఆగి చర్చించు’ అనేది వికీ జనంలో పాతుకుపోయిన అలవాటు. దాని ప్రకారం ఆయన మొదటి మార్పులో తప్పు పెద్దగా లేదు, రెండోదాంట్లో ఉంది. మీ మొదటి తిప్పుడులోనూ తప్పు లేదు, రెండోదాంట్లో ఉంది. ఇంగ్లిష్ వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి తిప్పితే నిరోధించే నియమం ఉంది. మీ వికీలో అలాంటిది ఉందో లేదో చూసుకోండి. లేకపోయినా, రెండోసారి తిప్పాక మూడోసారి తిప్పడం వల్ల ఏ వికీలోనూ ఎవరూ ఒప్పుకోగా నేను చూడలేదు. తాళం కొత్త రూపం మీద పడటాన్ని అన్యాయం అనుకోకండి. తాళం వేసేవాడికి గొడవ ఆపడమే పని, ఎవరు రైటో తేల్చడం కాదు. నిర్వాహకులు ఎప్పుడూ తప్పు రూపం మీదే తాళం వేస్తారని వికీల్లో పాత జోకు ఒకటుంది. పాత రూపం మీద వేసి ఉంటే ఇవాళ నాకు ఉత్తరం రాసేది ఆయనే.

‘పనికిరాని లేఅవుట్ తీసేశాను’ అన్న సారాంశం మాత్రం మీరు సరిదిద్దుకోవాలి. దిద్దుబాటు సారాంశాన్ని ఒకసారి భద్రపరిచాక మార్చలేరు. పేజీ చరిత్రలో మీ పేరు పక్కన అది అలాగే ఉంటుంది, తర్వాత చర్చలోకి వచ్చే ప్రతివాళ్లూ ముందు చదివేది దాన్నే. ఆయన ఎన్ని గంటలు కూర్చుని ఆ నమూనా చేశారో ఆ ఒక్క మాటతో తుడిచిపెట్టారు. మీకు నొప్పి కలిగించిన పనీ సరిగ్గా ఇలాంటిదే కదా. చర్చా పేజీలో ఒక్క వాక్యం చాలు: ‘ఆ సారాంశం అలా రాసి ఉండాల్సింది కాదు.’ దానికి ‘కానీ’ తగిలించకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. వదిలేయడమో పోరాడటమో అని మీరు రెండే చూస్తున్నారు. నాకు ఇంకొన్ని కనిపిస్తున్నాయి.

షరతులతో ఒప్పుకోవడం ఒకటి. కొత్త రూపం రానివ్వండి. మడతలు స్పాయిలర్లకే (కథను ముందే బయటపెట్టే సంగతులకే) పరిమితం కావాలి, దారి చూపే వాక్యాలు బయటే ఉండాలి, పాత లింకులు పనిచేయాలి, బాస్ బొమ్మ మొదటి తెరలో రాకూడదు అని నాలుగు షరతులు పెట్టండి. ముగ్గురు ఇప్పటికే అటు ఉన్నారు కాబట్టి ఇది త్వరగా తేలుతుంది, మీ షరతుల్లో చాలావరకు నెగ్గుతాయి కూడా. నష్టం ఏమిటంటే, అధ్యాయమంతా ఒక్క ఊపున చదువుకునే సుఖం పోతుంది. దానికి మీరు సిద్ధంగా లేకపోతే నోటితో ఒప్పుకుని, తర్వాత ప్రతి పేజీలో సణుగుతూ తిరగకండి. అది అందరికీ నరకం.

ఇంకొకటి, పరీక్ష పెట్టడం. ఒకే అధ్యాయాన్ని రెండు రూపాల్లో ప్రయోగశాల పేజీల్లో పెట్టండి. ఆ గేమ్ ఆడుతూ మీ వికీలో ఎప్పుడూ రాయని ముగ్గురు నలుగుర్ని పిలవండి. ఫోన్ చేతికిచ్చి పనులు చెప్పండి: ఈ బాస్ బలహీనత కనుక్కో. మూడో తాళంచెవి ఎక్కడుంది? నువ్విప్పుడు కోట గేటు ముందున్నావు, తర్వాత ఏం చేయాలి? వాళ్లు వెతుకుతుంటే పక్కన నోరు మూసుకుని చూడండి. ‘అదిగో, కింద ఉంది’ అనే హక్కు మీకు లేదు, ఆయనకూ లేదు. ఏం జరిగితే ఏ రూపం నెగ్గినట్టో పరీక్షకు ముందే ఇద్దరూ రాసి పెట్టుకోవాలి. లేకపోతే ఫలితం వచ్చాక ఇద్దరూ దాన్ని తమ వైపుకే లాగుతారు. నలుగురితో చేసిన పరీక్ష సర్వం తేల్చేయదు, కానీ అభిరుచి మాటల్ని చర్చలోంచి బయటికి తోలేస్తుంది. ఇందులో మీకున్న ప్రమాదం, ఫలితం మీకు నచ్చకపోవచ్చు. బలహీనత వెతికే పనిలో మీ పేజీ ఓడిపోతుందని నా అనుమానం. కోట గేటు ప్రశ్నలో ఆయనది ఓడిపోవచ్చు.

అలా రెండూ చెరో పనిలో నెగ్గితే, మూడో దారి తెరుచుకుంటుంది. నాకు అన్నిటికన్నా ఆశ ఉన్నది దీని మీదే. మీరు వాడిన మాటల్ని బట్టి మీ వికీ నడిచేది మీడియావికీ మీద, అంటే వికీపీడియా వాడే సాఫ్ట్‌వేర్ మీదే. అందులో ఒక పేజీని ఇంకో పేజీలోకి యథాతథంగా లాక్కొచ్చి చూపించవచ్చు. టెంప్లేట్లు పనిచేసేదీ అలాగే. ప్రతి క్వెస్ట్‌కూ ఆయన కోరినట్టే చిన్న పేజీ ఉంటుంది. మీ అధ్యాయం పేజీ ఆ చిన్న పేజీలన్నిటినీ ఆడే వరసలో లాక్కొచ్చి ఒకే పొడవైన పేజీగా చూపిస్తుంది. రాత ఒక్కచోటే ఉంటుంది, చదవడం రెండు చోట్ల. సమాచారపెట్టెను చిన్న పేజీలో మాత్రమే కనబడేలా, అధ్యాయం పేజీలోకి రాకుండా ఆపే ట్యాగు కూడా ఉంది. మొదటివాడికి స్పాయిలర్ లేని వరస, రెండోవాడికి మొదటి తెరలోనే జవాబు.

దీనికీ ఖర్చుంది. కొత్తగా వచ్చినవాళ్లు అధ్యాయం పేజీలో ‘సవరించు’ నొక్కితే వాక్యాలకు బదులు మీసాల బ్రాకెట్ల మధ్య పేజీల పేర్లు మాత్రమే కనిపిస్తాయి. సగం మంది అక్కడే బెదిరిపోయి వెళ్లిపోతారు. పైన ఒక సూచన పెట్టాలి, ప్రతి విభాగం పక్కనా అసలు పేజీకి లింకు ఇవ్వాలి. చిన్న పేజీలో చేసిన మార్పు పెద్ద పేజీలో కనబడటానికి ఒక్కోసారి కొంత ఆలస్యమవుతుంది. లాక్కొచ్చే సరుకు మొత్తానికి మామూలుగా 2 ఎంబీ పరిమితి ఉంటుంది; పెద్ద పెద్ద పట్టికల టెంప్లేట్లు వాడే అధ్యాయాల్లో దాని మీద ఒక కన్ను వేసి ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యం, చిన్న పేజీల్లోని వాక్యాలు రెండు చోట్లా అర్థమయ్యేలా ఉండాలి. ‘పైన చెప్పిన వంతెన’ అని మీరు రాసిన ప్రతిచోటా ఏ వంతెనో చెప్పాల్సి వస్తుంది. ఆ పని ఆయన చేయలేరు. మీరే చేయాలి.

మొత్తం సభ్యుల ముందు అధికారికంగా పెట్టి తేల్చుకోవడమన్న దారీ ఉంది. ఇంగ్లిష్ వికీపీడియాలో ఇలాంటి విన్నపాలు మామూలుగా 30 రోజులు తెరిచి ఉంటాయి, గొడవలో లేని ఒకరు వచ్చి వాదనల బలాన్ని చూసి ముగిస్తారు. చేతులు లెక్కపెట్టడం ఒక్కటే చేస్తే మూడుకు రెండు అని తేలుతుంది, మీరు ఓడిపోతారు, అదీ అయిదుగురి మాట మీద. చిన్న వికీలో గొడవలో లేని వ్యక్తి దొరకడమే కష్టం. తాళం వేసిన నిర్వాహకుణ్నే అడగవచ్చు, ఆయన ఇంతవరకూ ఏ పక్షం మాటా మాట్లాడలేదని మీరు రాశారు. దీన్ని చివరికి దాచుకోండి. తీర్పు ఒకసారి వచ్చాక మూడో దారి లాంటి మధ్యేమార్గాలు చెప్పినా వినే ఓపిక ఎవరికీ ఉండదు.

ఎంత పెద్ద వికీలోనైనా ఈ తలనొప్పి తప్పదు. 2023 జనవరిలో ఇంగ్లిష్ వికీపీడియా రూపం మారినప్పుడు వరసల పొడవు తగ్గి రెండు పక్కలా తెల్లటి ఖాళీ కనబడిందని పెద్ద గోలే జరిగింది. అక్కడ ఖాతా ఉన్నవాళ్లు ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి పాత రూపం ఎంచుకోవచ్చు. మీ గొడవకు ఆ సులువు మందు పనికిరాదు. అది పైతొడుగు మార్పు, మీది పేజీ ఎముకల మార్పు.

వేరే వికీ పెట్టుకోవడం సంగతి. చట్టప్రకారం అడ్డు ఉండకపోవచ్చు. గేమ్ వికీల్లో చాలావరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల కిందే ఉంటాయి, రచయితల పేర్లకు గుర్తింపు ఇస్తూ అదే లైసెన్సు కొనసాగిస్తే రాతను తీసుకెళ్లవచ్చు. మీ వికీ పేజీ అడుగున ఏ లైసెన్సు రాసి ఉందో చదవండి, కొన్ని వాణిజ్య వాడకాన్ని ఒప్పుకోవు. మీరు సొంతంగా రాసిన వాక్యాల మీద హక్కు ఎలాగూ మీదే. అయితే మీరు వెళ్లినా ఆ పేజీలు అక్కడే ఉంటాయి, ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేరు. 2018లో రూన్‌స్కేప్ వికీ, 2023లో మైన్‌క్రాఫ్ట్ వికీ పాత ఇల్లు వదిలి సొంత చిరునామాకు వెళ్లాయి. ఆ రెండుచోట్లా రాసేవాళ్ల సమూహమే కదిలింది, ఒకరిద్దరు అలిగి పోలేదు. అయినా పాత ప్రతులు పాతచోటే ఉన్నాయి. మీరు ఒక్కరే వెళితే ప్యాచ్ వచ్చినప్పుడల్లా అన్ని పేజీలూ మీరొక్కరే సరిచేసుకోవాలి, స్పామ్‌తో పోరాడాలి, సర్వర్ ఖర్చు భరించాలి. పాఠకులు మాత్రం పాత చిరునామాకే వస్తూ ఉంటారు. చేయవద్దనను. ఆ పని మీద ఇష్టంతో చేస్తే బాగుంటుంది, ఈ ఒక్క గొడవ మీద కోపంతో చేస్తే ఎంతోకాలం సాగదు.

గుర్తింపు గురించి ఒక మాట, ఇది మీ ఉత్తరంలో వరసల మధ్య దాక్కుని ఉంది. పేజీని విడగొట్టినప్పుడు చరిత్ర పాత పేజీ దగ్గరే ఆగిపోతుంది. కొత్త పేజీ చరిత్ర తెరిస్తే మొదటి పేరు అతికించినవాళ్లదే ఉంటుంది, రాసింది వాళ్లేనేమో అనిపిస్తుంది. అందుకే అతికించేటప్పుడు ‘ఫలానా పేజీ నుంచి తెచ్చినది, రచయితల కోసం దాని చరిత్ర చూడండి’ అని సారాంశంలో లింకుతో రాయడం వికీల్లో పద్ధతి. మీ లైసెన్సు గుర్తింపు కోరేదైతే అది మర్యాదకు మించిన విషయం కూడా. ఇప్పటికే విడగొట్టిన పేజీల్లో అలా రాయకపోతే, చర్చా పేజీల్లో ఆ గమనిక పెట్టమని ఆయన్ను అడగండి. ఇది అడగడానికి సిగ్గుపడకండి. ‘పేజీలు మీ సొంతమా’ అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది: పేజీలు నావి కావు, అందులో ఆ వాక్యాలు రాసింది మాత్రం నేనే.

మీ స్నేహితుడి విషయంలో తొందరపడకండి. ఆయన మీ తరఫున అలిగారా, లేక కొత్త రూపంలో తన మ్యాపులు బొటనవేలంత బొమ్మలైపోయాయని అలిగారా అన్నది మీరు అడిగినట్టు లేదు. రెండోదైతే అది సమాచారపెట్టెలో బొమ్మ వెడల్పు సంగతి, ఒక అంకె మారిస్తే సరిపోతుంది. అడిగి చూడండి.

తాళం తీసేలోగా చర్చా పేజీలో ఏం రాయాలో తోచడం లేదన్నారు. ఇలాంటిదేదైనా రాయవచ్చు: ‘నా సారాంశం అలా ఉండాల్సింది కాదు. ఈ పేజీకి రెండు రకాల పాఠకులు వస్తారని నాకనిపిస్తోంది: వరసగా చదివేవాళ్లు, ఒక్క ముక్క కోసం వచ్చేవాళ్లు. మీ నమూనా రెండోవాళ్లకు బాగుంది, అంకెలు ఒకేచోట ఉండటం మంచిదే. మడతల్లో ఉన్న మాటలు కొన్ని బ్రౌజర్లలో వెతికితే దొరకడం లేదు, మీరూ ఒకసారి చూడండి. క్వెస్ట్ పేజీలు మీరు చెప్పినట్టే విడిగా ఉంచి, అధ్యాయం పేజీలోకి వరసగా లాక్కొస్తే ఎలా ఉంటుందో ఐదో అధ్యాయంతో ప్రయోగం చేద్దామా? వాక్యాలు సరిచేసే పని నాది.’

దాని కింద నాలుగు టిల్డేలు (~ గుర్తులు) కొట్టి సంతకం పెట్టండి. మీరు ఉత్తరంలో అతికించిన రెండు వ్యాఖ్యలకూ సంతకం లేదు.